చట్టనూగలో ఐదు రోజులు: ఒక గాజుపోగు వెంట

మొదటి రోజు: కొండ మీద నుంచి

అట్లాంటా విమానాశ్రయంలో దిగి కారు తీసుకుని, ఐ-75 రహదారి మీద ఉత్తరంగా సుమారు 200 కిలోమీటర్లు వస్తే టెనెస్సీ రాష్ట్రపు దక్షిణపు అంచున చట్టనూగ. దారి ఖాళీగా ఉంటే రెండు గంటలు. ఒకప్పుడు రైళ్ళ కూడలిగా పేరుపడ్డ ఈ ఊరికి ఇప్పుడు ప్యాసింజర్ రైలే లేదు. 1909లో కట్టిన టెర్మినల్ స్టేషన్ హోటలుగా మారింది. బస దానికి దగ్గర్లో చూసుకుంటే మూడో రోజు చూడాల్సినవన్నీ నడక దూరంలో ఉంటాయి.

ఈ ఊళ్ళో ఇంటింటికీ ఇంటర్నెట్ మోసుకొచ్చే గాజుపోగును, అంటే ఫైబర్‌ను, చూస్తూ సాగే ఈ యాత్రకు సామాను మూడు వస్తువులే: ఈథర్‌నెట్ పోర్టు ఉన్న లాప్‌టాప్, రెండు మీటర్ల క్యాట్-6 కేబుల్, ఒక బైనాక్యులర్. బైనాక్యులర్ కరెంటు స్తంభాలు చూడ్డానికి. అసలు చూడాల్సినవి అక్కడే ఉన్నాయి.

తొలి సాయంత్రం లుకౌట్ మౌంటెన్ ఎక్కాలి. 1895 నుంచి నడుస్తున్న ఇన్‌క్లైన్ రైలు కొండ పైభాగంలో 72.7 శాతం వాలు మీద పాకుతుంది. పైనుంచి చూస్తే టెనెస్సీ నది పాము మెలిక తిరిగినట్టు వంపు తిరిగి, దాని ఒడ్డున ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఇంత తేటగా కనబడే ఈ లోయలో గాలి దేశం మొత్తం మీద అత్యంత మురికిదని 1969లో ఫెడరల్ ప్రభుత్వ నివేదికే చెప్పింది. చుట్టూ కొండలు, మధ్యలో ఇనుప పోత కార్ఖానాలు. పొగ ఎటూ పోలేక ఊరి మీదే కూర్చునేది. తర్వాత ఆ కార్ఖానాలు ఒక్కొక్కటే మూతబడ్డాయి, ఉద్యోగాలూ వాటితోపాటే పోయాయి. 1992లో నది ఒడ్డున అక్వేరియం కట్టారు. 1993లో, కార్లకు మూసేసిన వాల్‌నట్ స్ట్రీట్ వంతెనను బాగుచేసి నడిచేవాళ్ళకు తెరిచారు. ఊరు కోలుకోవడం అక్కడ మొదలైంది. ఇంటర్నెట్ వచ్చి ఊరిని లేపిందని చెప్పేవాళ్ళు ఈ పద్దెనిమిదేళ్ళ ముందుకథను దాటేస్తారు. 2010లో ఫైబర్ వచ్చేసరికే ఈ ఊరు సగం లేచి నిలబడింది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఊరి కరెంటు సంస్థ ఈపీబీ తన పరిధిలో ఉన్న ప్రతి ఇంటికీ, ప్రతి దుకాణానికీ సెకనుకు 1 గిగాబిట్ (వెయ్యి మెగాబిట్ల) ఇంటర్నెట్ వేగం ఇస్తామని ప్రకటించింది. ఊరు ఊరంతటికీ ఆ వేగం అందించడం అమెరికాలో అదే మొదటిసారి. ఈపీబీ 1935లో పుట్టిన మునిసిపల్ సంస్థ, లాభాపేక్ష లేనిది. దాని పరిధి దాదాపు 600 చదరపు మైళ్ళు, అంటే 1,550 చదరపు కిలోమీటర్లు. కొండ మీద నుంచి కనిపించే భూమిలో చాలా భాగం అందులోకే వస్తుంది.

రెండో రోజు: స్తంభాల కింద నడక

ఈ రోజు ఊళ్ళోని ఏదైనా పాత నివాస వీధి ఎంచుకుని, తలపైకెత్తి నిదానంగా నడవాలి. వైర్లు భూమిలోపల వేసిన కొత్త కాలనీల్లో చూడ్డానికేమీ ఉండదు.

స్తంభం కొసన కరెంటు తీగలు. వాటికి చాలా కింద ఫోను, కేబుల్ కంపెనీల లావుపాటి నల్లటి తీగలు. రెంటి మధ్య కనీసం 40 అంగుళాలు, అంటే మీటరు ఖాళీ ఉండాలని అక్కడి విద్యుత్ భద్రతా నియమం. కొత్తగా ఫైబర్ లాగాలనుకునే ప్రైవేటు కంపెనీకి పెద్ద చిక్కు ఇక్కడే. స్తంభం తనది కాదు. యజమానికి దరఖాస్తు పెట్టాలి, ముందే ఉన్న తీగలను పైకో కిందికో జరపమని ఒక్కో కంపెనీని అడగాలి, ఒక్కో కంపెనీ సిబ్బంది ఒక్కోరోజు వచ్చి జరిపేదాకా ఆగాలి. ఒక్క స్తంభం చాలు, ఆ వీధి నెలల తరబడి ఆగిపోవడానికి. కరెంటు సంస్థకు ఈ బాధ లేదు. స్తంభం దానిదే, లైన్‌మన్లు దాని మనుషులే, బకెట్ లారీలు ముందే ఉన్నాయి. లోహం లేని ఫైబర్ కేబుల్‌ను, తగిన శిక్షణ ఉన్న తన మనుషులతో, కరెంటు తీగల జాగాలోనే కట్టించుకోగలదు. చట్టనూగలో పని చకచకా జరగడానికి మొదటి కారణం ఇదే. మరో ఊరు ఇక్కడి నుంచి ఏదైనా నేర్చుకోవాలంటే ముందు తన ఊళ్ళో స్తంభాలు ఎవరివో తెలుసుకోవాలి.

రెండో కారణం కోసం బైనాక్యులర్ తీయాలి. కొన్ని స్తంభాల పైభాగంలో మూడు ఫేజులకూ కలిపి కూర్చున్న బూడిదరంగు యంత్రం ఒకటి కనబడుతుంది. పేరు ఇంటెలిరప్టర్. ఇది తనంతట తాను ఆలోచించే స్విచ్చి. ఈపీబీ లైన్ల మీద ఇలాంటి ఆటోమేటిక్ స్విచ్చులు దాదాపు 1,200 పెట్టారు. పాత రకం స్విచ్చి లైను మీద కొమ్మ పడితే కరెంటు ఆపి, కాసేపటికి పూర్తి కరెంటు మళ్ళీ వదిలి చూస్తుంది. కొమ్మ ఇంకా అక్కడే ఉంటే పెద్ద మెరుపు, తీగలకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ దెబ్బ. ఇంటెలిరప్టర్ అలా కాకుండా చిన్న పల్సు పంపి, లైను బాగుందో లేదో తట్టి చూస్తుంది. బాగోలేదనుకుంటే ఆ ముక్కను మాత్రం విడగొట్టి, మిగతా ఇళ్ళకు ఇంకో ఫీడరు (సరఫరా లైను) నుంచి కరెంటు మళ్ళిస్తుంది. ఇవి కంట్రోల్ రూముతో మాట్లాడుకునేది ఫైబర్ మీదే.

2012 జులై 5న పెనుగాలి కొట్టి 80,000 కనెక్షన్లకు కరెంటు పోయే పరిస్థితి వచ్చింది. స్విచ్చులు రెండు సెకన్లలో ఆ సంఖ్యను 40,000 లోపుకు దించాయి. మిగిలినవాళ్ళకు పాత పద్ధతికన్నా దాదాపు ఒకటిన్నర రోజు ముందుగా కరెంటు తిరిగొచ్చింది, సంస్థకు మరమ్మతుల్లో దాదాపు 14 లక్షల డాలర్లు మిగిలాయి. ఈ లెక్కలు 2013లో అధ్యక్ష భవనం వెలువరించిన నివేదికలోవి. పెట్టుబడి ఎలా సమకూరిందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఫైబర్‌ను ఇంటర్నెట్ కోసమని మాత్రమే అడిగి ఉంటే ఆ డబ్బు పుట్టేది కాదు. స్మార్ట్ గ్రిడ్ (ఇలా తనంతట తాను సర్దుకునే కరెంటు వ్యవస్థ) పేరు మీద 2009లో అమెరికా ఇంధన శాఖ 11 కోట్ల డాలర్లకు పైగా గ్రాంటు ఇచ్చింది, మిగతాది బాండ్లు. కరెంటు మీటర్లు పావుగంటకోసారి పంపే రీడింగు, స్తంభం మీది స్విచ్చి, ఇంట్లోని సినిమా, అన్నీ ఒకే గాజు మీద నడుస్తాయి. ఖర్చు ఒకటే, రాబడి దారులు రెండు.

మధ్యాహ్నం ఒక స్తంభం దగ్గర ఆగి, కేబుల్‌కు వేలాడే నల్లటి డబ్బాను చూడండి. లోపల జాయింట్లు ఉంటాయి. వీధిలో లైన్‌మన్లు పనిచేస్తుంటే ఎదుటి వైపు కాలిబాట మీంచి చూడొచ్చు. దగ్గరికి వెళ్ళకూడదు, తెగిపడిన గాజు ముక్కలను ముట్టుకోకూడదు. కంటికి కనబడని ఆ ముక్క వేలిలో దిగితే తీయడం కష్టం.

జాయింట్ ఇలా వేస్తారు. ముందుగా పోగుకు 60 మిల్లీమీటర్ల రక్షణ గొట్టం ఎక్కిస్తారు. ఇది మర్చిపోతే జాయింటంతా అయ్యాక మళ్ళీ తెంపాల్సిందే. అలవాటైన చేతులు కూడా తడబడే చోటు ఇది. తర్వాత 250 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూతను స్ట్రిప్పరుతో ఒలిస్తే 125 మైక్రాన్ల గాజు బయటపడుతుంది, దాని నడుమ వెలుగు నడిచే దారి సుమారు 9 మైక్రాన్లే. గాజును ఆల్కహాల్‌లో తడిపిన పొడి లేని గుడ్డతో తుడుస్తారు. క్లీవరుతో నిటారుగా కోస్తారు. కోత మరీ వంకరపోతే యంత్రమే ఒప్పుకోదు. స్ప్లైసింగ్ యంత్రంలో రెండు కొసలూ ఎదురెదురుగా పెడితే విద్యుత్ మెరుపు వాటిని కరిగించి కలుపుతుంది. రక్షణ గొట్టాన్ని జాయింటు మీదికి జరిపి హీటరులో అర నిమిషం. పని బాగా కుదిరితే నష్టం 0.05 డెసిబెల్ లోపు.

ఆ చిన్న అంకెకు అంత విలువెందుకు? సామాన్యంగా ఒక వెలుగు బడ్జెట్ వేసి చూద్దాం. కేంద్రంలోని పరికరం ప్లస్ 3 డీబీఎం (వెలుగు బలాన్ని డెసిబెల్ లెక్కలో చెప్పే కొలత; డీబీ అంటే డెసిబెల్) బలంతో వెలుగు పంపుతుందనుకోండి. 12 కిలోమీటర్ల గాజు దాదాపు 3 డీబీ తినేస్తుంది. ఒక పోగును 32 ఇళ్ళకు పంచే స్ప్లిట్టరు 17 డీబీ తింటుంది. నాలుగు కనెక్టర్లకు 1.2, పది జాయింట్లకు అర డీబీ. మొత్తం 21.7. ఇంటికి చేరేది మైనస్ 18.7. ఇంటి గోడ మీద, వెలుగును ఇంటర్నెట్ సంకేతంగా మార్చే ఓఎన్‌టీ డబ్బా మైనస్ 27 దాకా చదవగలదు కాబట్టి ఎనిమిది డీబీ చేతిలో ఉన్నట్టు. అయితే కనెక్టరు కొస మీద వేలి జిడ్డు పడితే రెండు మూడు డీబీలు పోతాయి. సోఫా వెనకాల ఫైబర్ మడత పడితే ఇంకో మూడు. ఉడుతలు కేబుల్ పైతొడుగు కొరికిన చోట వాన నీరు దిగి, చలికి గడ్డకట్టి పోగును నొక్కుతుంది. ఉదయం పనిచేసి రాత్రి చలికి ఆగిపోయే కనెక్షన్లలో తరచూ దొరికే లోపం ఇదే.

మూడో రోజు: నడిబొడ్డున

నగర మధ్యంలో తిరిగే షటిల్ బస్సుకు టికెట్ అక్కర్లేదు. దిగాల్సింది మార్కెట్ వీధి, 11వ వీధి కూడలిలో. 2015 జనవరిలో నగర పాలకులు నడిబొడ్డున 140 ఎకరాలను ఇన్నొవేషన్ డిస్ట్రిక్ట్‌గా ప్రకటించి, ఈ మూలమీదున్న పదంతస్తుల ఎడ్నీ భవనాన్ని దానికి కేంద్రంగా పెట్టారు. కొత్త కంపెనీ పెట్టేవాడూ పెట్టుబడి పెట్టేవాడూ ఒకరికొకరు పది నిమిషాల నడకలో ఉండాలన్నది ఆలోచన.

తేదీల వరుస చూస్తే ఒక విషయం తెలుస్తుంది. గిగాబిట్ వచ్చింది 2010లో. దాన్ని వాడే వ్యాపార ఆలోచనల కోసం ‘గిగ్ టాంక్’ అనే వేసవి శిక్షణ మొదలైంది 2012లో. ఇన్నొవేషన్ డిస్ట్రిక్ట్ 2015లో. తీగ వేసిన రోజున ఎవరూ పరిగెత్తుకు రాలేదు. మొదట్లో ధర కూడా నెలకు 350 డాలర్లు. ఆ ధరకు కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 2013లో దాన్ని 70 డాలర్లకు దించాకే గిగాబిట్ మామూలు ఇళ్ళలోకి వెళ్ళింది. 2015 అక్టోబరులో 10 గిగాబిట్లు, 2022 ఆగస్టులో 25 గిగాబిట్లు వచ్చాయి. ఆ 25 గిగాబిట్ల తొలి కనెక్షన్ ఇక్కడి కన్వెన్షన్ సెంటరుకు ఇచ్చారు. వేగం ఇరవై అయిదు రెట్లయినా వీధిలోని గాజు మార్చలేదన్నది గమనించాలి. రెండు కొసల్లో పెట్టెలు మాత్రం మార్చారు. పాతదీ కొత్తదీ వేర్వేరు రంగుల వెలుగు వాడతాయి కాబట్టి ఒకే పోగు మీద పక్కపక్కన నడుస్తాయి. గాజు వేయడానికి పెట్టిన ఖర్చు దశాబ్దాల పాటు పనికొచ్చేది ఇందుకే.

వ్యాపారానికి అసలు పనికొచ్చిన గుణం మాత్రం ప్రకటనల్లో అంతగా వినబడదు: అప్‌లోడ్ వేగం కూడా డౌన్‌లోడ్‌తో సమానం. 50 గిగాబైట్ల వీడియోను 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న మామూలు కేబుల్ కనెక్షన్ మీద పంపాలంటే అయిదున్నర గంటలు. గిగాబిట్ అప్‌లోడ్ మీద లెక్క ప్రకారం ఏడు నిమిషాలు, వాస్తవంలో పది అనుకోండి. ఎడిటరు సాయంత్రానికి పంపేసి మర్నాడు ఇంకో పని ఒప్పుకోగలడు. ఆస్పత్రి స్కాన్లను రేడియాలజిస్టు ఇంటి నుంచే చూసి చెప్పగలడు. చూసేవాళ్ళకు డౌన్‌లోడ్ చాలు; ఏదైనా చేసి అమ్మేవాళ్ళకు అప్‌లోడ్ కావాలి. ఊరి ఆదాయం పెంచేది రెండో రకం.

మధ్యాహ్నం బ్రాడ్ వీధిలోని ప్రజా గ్రంథాలయానికి వెళ్ళి నేరుగా నాలుగో అంతస్తు ఎక్కండి. ఒకప్పుడు పాత సామాను పడేసిన ఈ అంతస్తును 2013లో ఖాళీ చేసి అందరికీ పనిచోటుగా తెరిచారు. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటరు లాంటి పరికరాలు అక్కడ పెట్టారు. వెళ్ళేముందు ఆ అంతస్తు తెరిచే వేళలు విడిగా చూసుకోవాలి, మిగతా గ్రంథాలయం వేళలు దానికి వర్తించకపోవచ్చు.

లాప్‌టాప్ వాడాల్సింది ఈ రోజే. గోడకు గిగాబిట్ ఈథర్‌నెట్ పోర్టు ఉన్న బసలోనో, అద్దె పనిచోటులోనో ముందుగా అనుమతి అడిగి కేబుల్ తగిలించి వేగం కొలవండి. 940 మెగాబిట్ల దగ్గర ఆగితే అది పూర్తి గిగాబిట్టే. మిగిలిన అరవై మెగాబిట్లు, డేటా ముక్కల (ప్యాకెట్ల) మీద రాసే చిరునామాల బరువు. సరిగ్గా 94 దగ్గర ఆగితే కేబుల్‌లో నాలుగు జతల్లో ఒకటి తెగి ఉండొచ్చు. వైఫై మీద 300 వస్తే తప్పు ఊరిది కాదు, మధ్యలోని గోడలది. గిగాబిట్ కొన్నా వేగం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇంటి లోపలే దొరుకుతుంది.

నాలుగో రోజు: పిల్లల ఇళ్ళు

ఊరి ఆర్థిక బలం అంటే కంపెనీల లెక్క ఒక్కటే చూస్తే సగం ఊరు కనబడదు. గిగాబిట్ వీధిలోనే, ఆ తీగ కిందనే, డబ్బు కట్టలేక కనెక్షన్ లేని ఇళ్ళు ఏళ్ళ తరబడి ఉన్నాయి. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థుల కుటుంబాల కోసం 2015లో ఈపీబీ 100 మెగాబిట్ల కనెక్షన్ నెలకు 26.99 డాలర్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకన్నా తగ్గించకపోవడానికి కారణం చట్టం: మునిసిపల్ సంస్థ ఖర్చుకన్నా తక్కువకు ఇంటర్నెట్ అమ్మకూడదు. చాలా ఇళ్ళకు ఆ ధర కూడా భారమే.

2020లో బడులు మూతబడ్డాక ఆ చిక్కు విప్పారు. హామిల్టన్ కౌంటీ విద్యాశాఖ, ఈపీబీ, నగరం, కౌంటీ, దాతల సంస్థలు కలిసి ‘ఎడ్‌కనెక్ట్’ పెట్టాయి. ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హులైన సుమారు 28,000 మంది విద్యార్థుల ఇళ్ళకు రౌటరుతో సహా ఉచిత కనెక్షన్, అప్‌లోడ్ డౌన్‌లోడ్ రెండూ 100 మెగాబిట్లు, డేటా పరిమితి లేదు, పదేళ్ళ హామీ. తక్కువ ధరకు అమ్మడం కుదరనప్పుడు వేరేవాళ్ళు డబ్బు సమకూర్చి ఇప్పించడమన్నమాట. నెలనెలా పొడిగించే పథకమైతే కుటుంబం దాన్ని నమ్ముకోదు. పదేళ్ళంటే ఒకటో తరగతి పిల్ల హైస్కూలు దాకా వచ్చేస్తుంది.

ఇలాంటి పథకాలు ఎక్కడైనా కుంటుపడేది తీగ దగ్గర కాదు, నమోదు దగ్గర. అర్హుల జాబితా బడి దగ్గర ఉంటుంది, చిరునామాలు కరెంటు సంస్థ దగ్గర. అద్దె ఇళ్ళు మారే కుటుంబాల విషయంలో రెండూ కలవవు. ఉచితమంటే మోసమేమోనన్న అనుమానం సరేసరి. బడి నుంచి తెలిసిన టీచరే ఫోను చేస్తే పని జరుగుతుంది, అచ్చేసిన కరపత్రం చెత్తబుట్టలోకి పోతుంది.

మధ్యాహ్నం ఆమ్నికోలా రహదారి వైపు వెళితే, కమ్యూనిటీ కళాశాల ఆవరణలో సైన్సు, సాంకేతికత, గణితాల మీద దృష్టి పెట్టే స్టెమ్ స్కూల్ ఉంది. లోపలికి వెళ్ళే వీలుండదు, బయటినుంచే. ఇక్కడి హైస్కూలు పిల్లలు లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయంలో ఉన్న 4కే సూక్ష్మదర్శినిని ఇక్కడి నుంచే తిప్పుతూ సముద్రజీవులను చూశారు. దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. గాజులో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వెళ్ళి రావడానికి కనీసం 30 మిల్లీసెకన్లు. ఎన్ని గిగాబిట్లు కొన్నా ఆ ఆలస్యాన్ని తగ్గించలేరు. దూరం నుంచి యంత్రం నడిపే వ్యాపారం తలపెట్టేవాళ్ళు ముందు వేయాల్సిన లెక్క అది.

సాయంత్రం వాల్‌నట్ స్ట్రీట్ వంతెన మీద నడక. అంతకు మించి ఈ రోజుకు పని పెట్టుకోవద్దు.

ఐదో రోజు: లెక్కలు, తర్వాత సరిహద్దు

తిరుగు ప్రయాణానికి ముందు ఐ-75 మీద ఈశాన్యంగా వెళ్ళండి. దారిలో ఎంటర్‌ప్రైజ్ సౌత్ వస్తుంది. ఒకప్పుడు సైన్యం కోసం టీఎన్‌టీ తయారుచేసిన నేల ఇది. ఫోక్స్‌వాగన్ ఇక్కడికి వస్తున్నట్టు 2008 జులైలో ప్రకటించింది, 2011లో కార్ల తయారీ మొదలైంది.

ఉద్యోగాల లెక్క గురించి మాట్లాడుకోవాల్సిన చోటు ఇదే. టెనెస్సీ విశ్వవిద్యాలయం చట్టనూగ శాఖలో ఆర్థికవేత్త బెంటో లోబో 2020లో పదేళ్ళ అంచనా వేశారు: ఫైబర్, స్మార్ట్ గ్రిడ్ కలిసి తెచ్చిన ప్రయోజనం దాదాపు 269 కోట్ల డాలర్లు, ఉద్యోగాలు సుమారు 9,500. ఈ సంఖ్యను ఎవరైనా మీ ముందు పెడితే మూడు ప్రశ్నలు అడగండి. అందులో కరెంటు పోకపోవడం వల్ల మిగిలిన డబ్బు ఎంత? పక్క ఊరి నుంచి ఇటు మారిన ఉద్యోగాలు ఎన్ని? ఫైబర్ లేకపోయినా వచ్చేవి ఎన్ని? ఈ కార్ల కర్మాగారం ఫైబర్ రాకముందే, భూమి, రహదారి, రైలు, ప్రభుత్వ రాయితీలు చూసి వచ్చింది. దాన్ని ఇంటర్నెట్ ఖాతాలో వేస్తే అన్యాయం. కరెంటు పోకపోవడం మాత్రం నిక్కచ్చిగా కొలవగలిగిన లాభం. గడియారం, మీటరు రెండూ సాక్ష్యం చెబుతాయి. ఫైబర్ పథకం తలపెట్టే ఏ ఊరికైనా మా సలహా: ఈ లాభాన్ని ముందు రాసుకుని, ఉద్యోగాల అంచనాను దాని కింద పెట్టండి.

ఇంకొంచెం ముందుకు పోతే బ్రాడ్లీ కౌంటీ. ఇటువైపు పల్లెల్లో కొందరికి ఏళ్ళ తరబడి సరైన ఇంటర్నెట్ లేకపోయింది. గిగాబిట్ తీగ అక్కడికి ఎంతో దూరం లేదు. అది ఆగిపోయింది దూరం వల్ల కాదు, చట్టం వల్ల. తాను కరెంటిచ్చే పరిధి దాటి మునిసిపల్ సంస్థ ఇంటర్నెట్ ఇవ్వకూడదని టెనెస్సీ చట్టం. ఈపీబీ దేశమంతటి టెలికాం రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు వెళ్ళింది. 2015 ఫిబ్రవరిలో కమిషన్ ఆ అడ్డు తొలగించింది. 2016 ఆగస్టులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కమిషన్‌కు ఆ అధికారం లేదని తీర్పిచ్చింది, అడ్డు మళ్ళీ నిలబడింది. 2017లో రాష్ట్రం సహకార విద్యుత్ సంఘాలకు తమ పరిధిలో ఇంటర్నెట్ ఇచ్చే వీలు కల్పించింది గానీ మునిసిపల్ సంస్థల గీత చెరపలేదు. ఆ గీత అవతల దుకాణం పెట్టుకున్నవాడూ, చదువుకునే పిల్లా ఇవతలివాళ్ళకు ఏ విధంగానూ తీసిపోరు. వాళ్ళకు ఆ తీగ అందకపోవడం తప్పు.

కారు పక్కన ఆపి స్తంభాలు చూసుకుంటూ పోతే, మామూలుగా ఫైబర్ లైను ముగిసే చోట్లను ఒక గుర్తుతో పట్టుకోవచ్చు. అలాంటి స్తంభం దగ్గర కేబుల్‌ను కొసదాకా లాగి కోసేయరు. కొన్ని పదుల మీటర్లు ఎక్కువగా ఉంచి, చుట్ట చుట్టి తీగకు వేలాడదీస్తారు. లైను పొడిగించే రోజున ఆ చుట్ట విప్పి, కేబుల్ కొసను కిందికి దించి, నేల మీద కూర్చుని జాయింట్ వేసుకోవడానికి.